ఆరు దినాల లెక్క

గృహ విజ్ఞానం పుస్తకాల ఒక పాఠం ఉంటది. ఇంట్ల సరుకులు ఎట్ల నిల్వ చేసుకోవాలె, ఏ డబ్బా ఏ అరలో పెట్టాలె, నెలకు ఏది ఎంత తెచ్చుకోవాలె అని చెప్తది. పాఠం మంచిదే. కాని అది రాసినోళ్లు కొన్ని సంగతులు ముందుగాల్నే అనుకొని రాసిండ్రు. ఇంటికి వంటగది ఉంటది, దాని పక్కన సామాన్ల అర్ర ఉంటది, అర్రకు తలుపు ఉంటది, నెల మొదట్ల చేతికి పైసలొస్తయి అని. మా వాడల ఇండ్లకు అర్రలు లేకుండె. ఉన్నదొక్కటే ఇల్లు. వండుడు అండ్లనే, పండుడు అండ్లనే, కోళ్లను గంప కింద కమ్ముడు అండ్లనే. మరి మా ఇండ్లల్ల నిల్వ అనేదే లేదా? ఉండె. దానికి చరిత్ర కూడా ఉంది. కాకుంటే ఆ చరిత్ర వంటింట్ల మొదలు కాదు, కల్లం కాడ మొదలైతది.

మాది కరీంనగర్ జిల్లా చొప్పదండి దిక్కు. ఊరి పేరుకు పండితులు ఏ అర్థం చెప్తరో గాని, మేం చిన్నప్పుడు దాన్ని రెండు ముక్కలు చేసి చదువుకుంటుంటిమి. చొప్ప అంటే జొన్న కోసినంక పశువులకు వేసేది. దండి అంటే మస్తు. చొప్ప దండిగ ఉండే ఊర్ల జొన్నలు ఎవరింట్ల దండిగ ఉండె? పశువుకు చొప్ప అందినంత సులువుగ మనిషికి గింజ అందిందా? ఈ వ్యాసంల నేను అడిగేది ఇదే. మా అవ్వ కుండలల్ల ఏముండె, ఎందుకు అంతే ఉండె, అది ఎప్పుడు మారింది.

మా అయ్య దొర దగ్గర జీతం ఉండె. ఉగాదికి ఉగాదికి జీతం కుదురుడు. నెలకు ఆరు కుంచాల జొన్నలు, సాలుకు ఒక జత చెప్పులు, ఒక గొంగడి. చెప్పులు కుట్టే కులపోనికి చెప్పులు జీతంల ఇచ్చుడు ఏందని అడిగేటోడు లేకుండె. పాత కొలతలు తెల్వని పిల్లల కోసం చెప్తున్న. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్ల లెక్క దొరది, తవ్వల లెక్క మాది. ఆరు కుంచాలంటే 24 మానికలు. ఇంట్ల ఆరుగురం. అయ్య, అవ్వ, నాయినమ్మ, మేం ముగ్గురు పిల్లలం. గట్క కాస్తే దినానికి మానెడు జొన్నలు పడుతయి. అట్ల 24 దినాలు గడుస్తయి. నెలకు 30 దినాలు. మిగిలిన ఆరు దినాలు ఎక్కడి నుంచి రావాలె? మా అవ్వకు చదువు రాదు. కాని ఈ ఆరు దినాల లెక్క ఆమె బతుకంత చేసింది.

ఆమె సామాన్ల అర్ర ఒక మూలకు ఉన్న దొంతి. కుండ మీద కుండ, దాని మీద ఇంకో కుండ. అడుగున పెద్ద కాగు, అండ్ల జొన్నలు. దాని మీది కుండల మక్క గట్కకు ఇసిరిన రవ్వ. ఆ పైన పెసర్లో, అనుములో, ఉలవలో, ఏ కాలానికి ఏవి దొరికితే అవి. ఆ పైన చింతపండు. గింజ తీసి, ఉప్పు కలిపి, ముద్దలు చేసి అదిమి పెట్టేది. కొసకు గురిగిల ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ము. దొడ్డు ఉప్పు మాత్రం దొంతిల ఉండది. వానకాలం నీరు కారుతది గనుక పొయ్యి దగ్గర వేరే కుండల ఉంచేది. ఉట్టి మీద తొక్కు. చూరుకు ఎల్లిపాయల కట్ట. గోడకు ఎండిన సొరకాయ బుర్రల్ల విత్తనాలు, బీర, కాకర, సొర. భూమి లేనోళ్లకు విత్తనాలెందుకు అంటరేమో. ఇంటెన్క పెంట మీద పాదు పెట్టుకునుడు దొర దయ మీద ఉండే పని కాదు గదా.

పైది తియ్యకుండ అడుగుది తియ్యరాదు. దొంతి పద్ధతే అట్ల. పెద్ద కాగుల చెయ్యి పెట్టాలంటే మీది కుండలన్ని దించాలె. పిల్లలు ఆకలికి ఎప్పుడంటే అప్పుడు పిడికెడు తీసుకోరాదు. తీస్తే సప్పుడు అయితది. అవ్వ అర్రకు తలుపు లేదు, తాళం లేదు, ఆ కుండల సప్పుడే తాళం.

పురుగు పట్టకుండ ఆమె చేసే పనులు నేను చేతులతోటి చేసి నేర్చుకున్నయి. గింజను పంటి కింద పెట్టి కొరికితే కటుక్కుమనాలె. మెత్తగ తెగితే ఇంకో ఎండ పెట్టాలె. జొన్నలల్ల నీడకు ఎండిన యాపాకు. పప్పుగింజలకు బూడిద. విత్తనం కందులకు ఎర్రమన్ను పూత. కుండ లోపల పొగ పెట్టి, మూకుడు బోర్లించి, పేడ మన్ను కలిపి మూతి మెత్తుడు. వీటిని మూఢ పద్ధతులని తీసేసే రోజులు పోయినయి. యాప మీద, బూడిద మీద వ్యవసాయ విశ్వవిద్యాలయాలల్ల పరిశోధనలు అయినయి. పరిశోధన చేసినోళ్లకు పట్టాలు వచ్చినయి. మా అవ్వకు పొడుపు గల్ల ఆడిదన్న పేరే మిగిలింది.

అయితే ఎంత పొడుపు చేసినా 24 మానికలు 30 కావు. కొరత మూడు తీర్ల పూడేది. ఒకటి పరిగె. కోతలైనంక మడిల రాలిన ఎన్నులు ఏరుకునుడు. ఆడోళ్లం, పిల్లలం పొద్దంత వంగి ఏరితే ఒక తవ్వ, రెండు తవ్వలు. ఎలుక బొక్కలు తవ్వి ఎలుకలు దాచుకున్న ఎన్నులు కూడా తీస్తుంటిమి. అది కూడా ఒక నిల్వ అర్రే, కాకుంటే ఎలుకది. రెండు, దంచుడు. గడిల వడ్లు దంచిపోతే కూలి కింద నూకలు, తవుడు ఇచ్చేది. బియ్యం గరిసెకు, నూకలు మా కొంగుకు. గిన్నెను తాకనియ్యకుండ మీది నుంచి పోసేది. కింద పడ్డ నూకలు మట్టితోటి ఎత్తుకొని ఇంటికొచ్చి చెరిగి గాలించుకునేది. మూడు, నాగు. నాగు అంటే గింజల అప్పు. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి దొంతి ఖాళీ. కొత్త పంటకు మూడు నాలుగు నెలలు. అప్పుడు కుంచం తెస్తే పంట మీద కుంచంన్నర ఇయ్యాలె. ఇచ్చేటప్పుడు కుంచాన్ని అంచుకు గీసి కొలుస్తరు. తీసుకునేటప్పుడు రాశిగ పోసుకుంటరు. రెండు కుంచాలు వేరు వేరుగ ఉన్న గడులు కూడా ఉండేటియని నాయినమ్మ చెప్పేది. 1956ల తూకాలు, కొలతల చట్టం వచ్చింది, దేశానికి కిలో వచ్చింది. మా కల్లానికి మాత్రం ఎన్నో ఏండ్ల దాకా దొర కుంచమే చట్టం.

నాలుగోది కూడా ఒకటుంది. దాన్ని ఎవ్వరూ లెక్కల రాయరు. అవ్వ తినకుండ ఉండుడు. అందరికి పెట్టినంక కుండ అడుగున ఉన్నది తినేది. లేకుంటే అంబలి తాగి, ఆకలి లేదనేది. కొరత పడ్డ దినాలల్ల ఎక్కువ భాగం అవ్వ కడుపు మీదనే పడ్డయి. దీన్ని త్యాగం అని పాటలు కడతరు. నాకు ఆ మాట నచ్చది. అది దొర తక్కువ ఇచ్చిన కూలి. దాన్ని అయ్య భరించలేదు, పిల్లలం భరించలేదు, ఒక ఆడమనిషి భరించింది. ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి అని సామెత. శివరాత్రి నాడు ఊరంత ఉపాసం ఉంటది. వాడల ఆడోళ్లకు శివరాత్రి నెలకు ఆరుసార్లు వచ్చేది.

ఈ లెక్క దొర ఒక్కని చెడ్డతనం కాదు. నిజాం రాజ్యంల వెట్టి అన్ని కులాల మీద ఉండె, మా మీద అన్నిటికంటె ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నాడు సర్కారు లెవీ గల్లా వసూలు చేసింది. పెద్దోళ్లు తప్పించుకున్నరు, చిన్న రైతు ఇచ్చుకున్నడు. చిన్న రైతు కల్లం చిన్నగైతే ఆ కల్లం కాడ మాదిగోనికి వచ్చే మేర కూడా చిన్నగైతది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంల ఎన్నో ఊర్లల్ల జనం దొరల గింజలు తీసి పంచుకున్నరు. భూమి గురించి ఆ పోరాటం మీద ఎన్నో పుస్తకాలు వచ్చినయి. గరిసె గురించి తక్కువ రాసిండ్రు. ఆకలిగొన్న మనిషికి భూమికంటె ముందుగాల కనబడేది గరిసెనే.

1976ల వెట్టిచాకిరి నిర్మూలన చట్టం పార్లమెంటుల పాసయింది. చట్టం కాగితం మీద వచ్చింది. మా దిక్కు అది ఊర్లకు నడిచి వచ్చింది 1978ల. ఆ ఏడు సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. చొప్పదండి నుంచి జగిత్యాల దూరమేం కాదు. వెట్టి బందు కావాలె, జీతగాళ్ల జీతాలు పెరగాలె అని ఊరూర సంఘాలు లేచినయి. అక్టోబర్‌ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. చరిత్ర పుస్తకాలల్ల ఇక్కడి నుంచి పోలీసు క్యాంపులు, అరెస్టులు, ఎన్‌కౌంటర్ల కథ ఉంటది. అది నిజమే, మా వాడ కూడా ఏడ్చింది. కాని మా దొంతిల జరిగిన సంగతి ఏ పుస్తకంల రాయలేదు గనుక నేను రాస్తున్న.

ఆ గాలి మా ఊరికీ వచ్చింది. జీతగాళ్లు పని బందు పెట్టిండ్రు. చివరికి మా అయ్య జీతం ఆరు కుంచాల నుంచి ఎనిమిది కుంచాలయింది, అంచుకు గియ్యకుండ కొలవాలని ఒప్పుకున్నరు. ఎనిమిది కుంచాలంటే 32 మానికలు. నెల పోను రెండు మానికలు మిగిలినయి. నాకు అప్పుడు పద్నాలుగేండ్లు. అవ్వ కుమ్మరోళ్ల దగ్గర కొత్త కుండ కొనుక్కొచ్చింది. అండ్ల ఏం పోస్తవే అవ్వా అంటే, "ఏం లేకున్నా పెడుత బిడ్డా, మిగిలినదానికి జాగ ఉండాలె గదా" అన్నది. నిల్వ అంటే అవ్వకు ఇల్లు సక్కదనం కాదు. నెల దాటినంక ఒక దినం ఎవ్వలనూ అడగకుండ బతుకుడు. నాగు అడగని దినమే అవ్వ దృష్టిల స్వాతంత్ర్యం.

ఇక్కడ తునకల ముచ్చట చెప్పకుంటే లెక్క పూర్తి కాదు. మాంసాన్ని పొడుగ్గ కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద ఎండేసి, ఎండినంక కుండల పోసి మూతి కట్టుడు. నెలల కొద్ది ఉంటయి. గోంగూరతోటో, చింత చిగురుతోటో వండితే పప్పు లేని దినాలల్ల ఒంటికి బలం. చచ్చిన పశువును ఎత్తేసుడు ఊరు మా మీద పెట్టిన వెట్టి, ఆ మాంసం ఆ వెట్టికి ఇచ్చిన కూలి. 1927 మార్చిల మహాడ్ సభల అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం ఇడిసిపెట్టుండ్రి అని చెప్పింది ఆ వెట్టిని, దాని యెన్క ఉన్న అవమానాన్ని తెంపుటానికే. ఇడిసిపెట్టాల్సింది వెట్టిని. ఎండబెట్టి దాచుకునే విద్యను కాదు. తర్వాత కొనుక్కొచ్చిన మాంసంతోటి కూడా మా ఇండ్లల్ల తునకలు చేస్తనే ఉన్నరు. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాల విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగినయి. ఒక కులం ఆవకాయ జాడీ సంస్కృతి అయితది, ఇంకో కులం తునకల కుండ నేరం అయితది. రెండింటి పని ఒక్కటే, ఉన్ననాటిది లేనినాటికి దాచుడు.

1983 ఏప్రిల్‌ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తలకు అయిదు కిలోలు, ఇంటికి 25 కిలోలు మించకుండ. దీన్ని చిన్న సంగతి అనేటోళ్లు ఎన్నడూ నాగు తేనోళ్లు. ఆషాఢంల దొర గడపకు పోయే తొవ్వ ఆ కార్డుతోటి బందయింది. అప్పటిదాక పండుగ బువ్వ అయిన బియ్యం దినాం బువ్వ అయింది. కాని లెక్క చూడుండ్రి. మా ఇంట్ల ఆరుగురం. తలకు అయిదు చొప్పున 30 కిలోలు రావాలె, ఇచ్చేది 25. ఆరో మనిషి సర్కారు లెక్కల లేదు. పెద్ద కుటుంబాలు ఎవరియి? ముసలోళ్లను, తండ్రి పోయిన పిల్లలను ఇడువకుండ సాదుకునేటోళ్లయి. అక్కడ కూడా ఆ అయిదు కిలోలు పడ్డది అవ్వ మీదనే.

ఆ తర్వాత ధర ఎక్కింది, దిగింది. 1992ల పెంచిండ్రు, 1994 ఎన్నికల తర్వాత మళ్ల రెండు రూపాయలు, 1996ల మూడున్నర, 2008ల మళ్ల రెండు, 2011 నవంబర్‌ల రూపాయి. కోటా తలకు నాలుగు కిలోలు, ఇంటికి 20 మించకుండ అన్న కాలం కూడా నడిచింది. తెలంగాణ వచ్చినంక 2015 జనవరి నుంచి తలకు ఆరు కిలోలు, ఇంటికి ఇంతే అన్న హద్దు తీసేసిండ్రు. ఆరో మనిషి లెక్కల చేరేసరికి 32 ఏండ్లు పట్టింది. మా నాయినమ్మ అప్పటికి లేదు, అవ్వ కూడా లేదు. 2023 జనవరి నుంచి బియ్యం ఉచితం, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. మంచిదే. ఎవరన్నా పుకట్ తిండి అంటే 24 మానికల లెక్క చెప్పుండ్రి. తరతరాలు కల్లం కాడ మిగుల్చుకున్నది తిరిగి వచ్చిన దాంట్ల ఇది ఎంత?

కాని బియ్యం వచ్చుడు ఒక్కటే జరగలేదు. 1963 జులైల పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసిండు. కాకతీయ కాలువ నీళ్లు మా దిక్కు పారినంక జొన్న చేన్లు వరి మడులయినయి. భూమి ఉన్నోనికి రెండు పంటలు, మాకు నాట్ల కూలి. కూలి గింజల నుంచి పైసలకు మారింది. పైసలొస్తే దొర కుంచం పీడ పోయింది, నిజమే. గింజ కూడా పోయింది. ఆ తర్వాత వరికోత మిషన్లు వచ్చినయి. మిషన్ కోసినంక కల్లం లేదు, కల్లం లేకుంటే మేర లేదు, వంగి ఏరుకునేటందుకు పరిగె లేదు. జొన్న పోయింది, మక్క కోళ్ల దాణాకు పోయింది, అనుములు, ఉలవలు, బబ్బెర్లు చేన్ల గట్ల మీది నుంచి పోయినయి. దొంతిల ఎనిమిది కుండలకు ఎనిమిది తీర్ల గింజలు ఉండాల్సిన జాగల ఒక్క బియ్యం సంచి నిలబడ్డది. కడుపు నిండింది. పప్పు మాత్రం పావుకిలో పొట్లంల, నూనె రూపాయి పుడ్కల, పొద్దుమీకి దుకాణంల. పొట్లంల కొనేటోడు సంచిల కొనేటోనికంటె ఎక్కువ ధర ఇస్తడు. లేనోడు లేనందుకే ఎక్కువ కట్టుడు ఇది.

2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్ర సర్కారు అమ్మ హస్తం అని పెట్టింది. 185 రూపాయలకు తొమ్మిది సరుకులు. కందిపప్పు, పామాయిలు, గోధుమలు, గోధుమపిండి, చక్కెర, ఉప్పు, కారం, చింతపండు, పసుపు. పేదోని ఇంట్ల బియ్యం పక్కన ఏమేం ఉండాలె అని సర్కారు మొదటిసారి రాసిన జాబితా అనుకోవచ్చు. అండ్ల గోధుమలున్నయి, జొన్నలు లేవు. మా దిక్కు గోధుమ ఎవరు తింటరని ఒక్క ఆడమనిషినన్న అడిగి ఉంటె ఆ తప్పు జరగకపోవు. కొద్ది కాలానికే ఆ సంచి కూడా బందయింది.

అడిగి చేసిన పని ఎట్లుంటదో చూడాలంటే జహీరాబాద్ దిక్కు చూడాలె. 1990ల నడుమ పస్తాపూర్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్లు పడావు భూములు సాగు చేయించి, పండిన జొన్నలు ఊర్లనే నిల్వ పెట్టి, ఊర్లనే కార్డులు రాసి పేద ఇండ్లకు పంచిండ్రు. ఎవరు నిజంగ పేదోళ్లో ఆఫీసరు కాదు, సంఘం తేల్చింది. విత్తనాలు బూడిదల, యాపాకుల దాచి ఒకరికొకరు ఇచ్చుకున్నరు. 2019ల ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఆ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. నాకు బహుమతికంటె ముఖ్యమైనది ఒకటి కనబడ్డది. కుంచం మా చేతికి వస్తే గరిసె ఎట్లుంటదో అక్కడ తెలిసింది.

నిజాం రాజ్యంల మనతోటి ఉండి 1956ల అటు పోయిన మరాట్వాడ ముచ్చట కూడా ఇదే. షాహూ పటోలే 2015ల మరాఠీల అక్కడి మహార్, మాంగ్ ఇండ్ల వంటల మీద పుస్తకం రాసిండు. 2024ల అది ఇంగ్లీషుల వచ్చింది. ఆ ఇండ్ల పొయ్యి మీది సంగతులు అచ్చుల ఎక్కినంక, అది వంటల పుస్తకం అనిపించది, కులం పుస్తకం అనిపిస్తది. తెలుగుల మన ఇండ్ల నిల్వల మీద అంత పెద్ద పని ఇంకా కావాల్సి ఉంది.

చొప్పదండి అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు. మా వాడల స్లాబు ఇండ్లు లేచినయి, అరలు వచ్చినయి, ప్లాస్టిక్ డబ్బాల మీద పేర్లు రాసి పెట్టుకునే కోడండ్లు వచ్చిండ్రు. సంతోషం. నేను కూడా నా ఇంట్ల డబ్బాలే పెట్టుకున్న. జొన్నలు ఇప్పుడు షుగరు ఉన్నోళ్ల తిండి, బియ్యంకంటె పిరం. జొన్నరొట్టె తిందామంటే ఆలోచన చేసి కొనాలె.

చదువుకునే పిల్లలకు నాది ఒకటే కోరిక. వచ్చే సెలవుల్ల ఇంటికి పోయినప్పుడు ఇంట్ల ముసలోళ్ల దగ్గర కూసోండ్రి. కులం గురించి చెప్పు అవ్వా అని అడిగితే ఏం చెప్పాల్నో వాళ్లకు తెలువది. నెలకు ఎన్ని మానికలు వచ్చేది, ఎవరు కొలిచేది, కుంచం ఎవరిది, ఎన్ని దినాలకు ఒడిసేది, ఒడిసినంక ఎవరి గడపకు పోయేది, అందరు తిన్నంక నీకేం మిగిలేది అని అడుగుండ్రి. అంకెలతోటి రాసుకోండ్రి. ఊరి పేరు, ఏండ్లు, కొలత పేరు రాయుండ్రి. కరీంనగర్‌ల ఒక లెక్క, ఆదిలాబాద్‌ల ఒక లెక్క, పాలమూరుల ఒక లెక్క వస్తది. అవన్ని ఒక్క దగ్గర పెడితే ఈ దేశం మనకెంత బాకీ ఉన్నదో తేలుతది. ఆ లెక్క చెప్పగలిగిన మనుషులు ఏడాదికి ఏడాది తక్కువైతున్నరు.